లాక్‌డౌన్‌లో కుదిరింది, ఇప్పుడెందుకు కుదరదు?

2020 మార్చి ముందు వరకు ఏ యూనివర్సిటీలోనైనా ఒక దివ్యాంగ విద్యార్థి ఆఫీసుకెళ్లి, క్లాసు మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, పాఠం రికార్డు చేసి పంపిస్తారా అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: కుదరదమ్మా. రూల్స్ ఒప్పుకోవు, హాజరు సమస్య వస్తుంది, నీకిస్తే అందరూ అడుగుతారు. మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే అవే కాలేజీలు జూమ్‌లో పాఠాలు చెప్పాయి, రికార్డింగులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాయి, ఇంట్లో కూర్చున్నవాళ్లకు హాజరు వేశాయి. రూల్స్ అడ్డం రాలేదు. అవసరం అందరిదీ అయ్యేసరికి దారి దానంతటదే దొరికింది.

ఈ విషయాన్ని మేం చట్టం వైపు నుంచి చూడమంటున్నాం. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం సహేతుకమైన సర్దుబాట్లు చేసి తీరాలంటుంది, చేయకపోతే అది వివక్షేనని నిర్వచనంలోనే రాసింది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి), పాఠ్యప్రణాళికలో మార్పులు సెక్షన్ 17లో ఉన్నాయి. విపత్తుల సమయంలో దివ్యాంగులకు సమాన రక్షణ ఉండాలని సెక్షన్ 8 చెబుతుంది. సంస్థలకు చట్టం వదిలిన సందు ఒకటే, ఆ సర్దుబాటు తమ మీద మోయలేనంత భారం వేస్తుందని చూపించగలిగితే తప్పించుకోవచ్చు. కరోనా తర్వాత రికార్డింగ్ విషయంలో, ఇంటి నుంచి క్లాసు విషయంలో ఆ మాట ఎవరంటారు, ఏ ముఖం పెట్టుకుని అంటారు? వేలాది మంది కోసం మోసిన భారమే కదా.

అలాగని ఆ రెండేళ్లు దివ్యాంగ విద్యార్థులకు హాయిగా గడిచాయని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. 2020లో ఢిల్లీ యూనివర్సిటీ చివరి ఏడాది విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఓపెన్ బుక్ (పుస్తకాలు చూసి రాసే) పరీక్షలు పెట్టినప్పుడు నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. చూపులేని విద్యార్థికి ఆ పరీక్ష ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ప్రశ్నపత్రం స్కాన్ చేసిన బొమ్మగా వస్తే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అందులో ఒక్క అక్షరం కూడా చదవదు. జవాబులు కాగితం మీద రాయించి, ఫోన్‌తో ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయాలి, పేజీ ఫ్రేములో పడిందో లేదో పక్కన ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కణ్నుంచి వస్తారు? స్క్రైబ్ అంటే మోచేతి దూరంలో కూర్చుని గంటల తరబడి రాసే మనిషి, అది రెండు గజాల దూరం పాటించమన్న కాలం, హాస్టళ్లు ఖాళీ చేయించి పిల్లల్ని ఊళ్లకు పంపేసిన కాలం. చివరికి దివ్యాంగులకు 6 గంటల సమయం దక్కింది, అయితే స్క్రైబే దొరకనివాడికి 6 గంటలిచ్చినా 16 గంటలిచ్చినా ఒరిగేదేముంది! వినికిడి లేనివాళ్ల సంగతి సరేసరి, మాస్కు వెనక పెదాలు కనపడవు, ఆన్‌లైన్ పాఠానికి క్యాప్షన్లు ఉండవు.

సుప్రీంకోర్టు ఆ కాలంలోనే రెండు ముఖ్యమైన తీర్పులిచ్చింది. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో, 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదని చెప్పింది. అదే ఏడాది నీట్‌లో డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడం కష్టమయ్యే వైకల్యం) ఉన్న ఒక అమ్మాయికి రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా అందరితోపాటే పేపరు లాగేసుకున్నారు. ఆ తప్పు పరీక్ష నిర్వహించిన సంస్థదేనని, ఆమెకు న్యాయం ఎలా చేస్తారో వారంలో తేల్చమని నవంబరులో కోర్టు ఆదేశించింది. మళ్లీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. పోయిన గంట పోయింది. కోర్టుకెళ్లి గెలిచినా పరీక్ష హాల్లో ఓడిపోవడం ఇలాగే ఉంటుంది, అందుకే ఇవన్నీ పరీక్షకు ముందే, అడిగించుకోకుండా అమరాలి.

ఇప్పుడేమైంది? క్యాంపస్‌లు తెరిచారు, రికార్డింగులు ఆపేశారు, 75 శాతం హాజరు నిబంధన మళ్లీ ఎక్కి కూర్చుంది. ఈ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి లాంటి రక్త జబ్బులు కూడా ఉన్నాయన్న సంగతి ఎన్ని కాలేజీ ఆఫీసులకు తెలుసో మాకు అనుమానమే. ఆదిలాబాద్, అల్లూరి జిల్లాల ఏజెన్సీ పల్లెల నుంచి డిగ్రీకి వచ్చే సికిల్ సెల్ పిల్లలకు నొప్పులు మొదలైతే రోజుల తరబడి మంచం దిగలేరు. తీవ్రమైన తలసీమియా ఉన్నవాళ్లు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. వీళ్లడిగేది మార్కులు కాదు, ఆ రోజు పాఠం. అది రికార్డు చేసే కెమెరా, పెట్టే పోర్టల్ కాలేజీలో ఇప్పటికే ఉన్నాయి. పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, అంతే.

మార్గదర్శకాలు లేక ఆగిన పని కాదిది. యూజీసీవి ఉన్నాయి, కేంద్రానివి ఉన్నాయి. పాటించకపోయినా ఏమీ కాదన్న ధీమానే అసలు జబ్బు. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది. సౌలభ్య ప్రమాణాలను, అంటే భవనాలు, సేవలు దివ్యాంగులు వాడుకోగలిగేలా ఎలా ఉండాలో చెప్పే కొలతలను, సలహాల్లా వదిలేసిన నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేసింది, తప్పనిసరి ప్రమాణాలు రాయమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక రాసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఇంటి పక్కన అంత పని జరిగి కూడా రెండు తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో చలనం రాకపోతే ఎలా?

రెండు ఉన్నత విద్యామండళ్లూ వచ్చే విద్యా సంవత్సరంలోపు ఉత్తర్వులు ఇవ్వాలి. వైద్యుడి కాగితం ఉన్న దివ్యాంగ విద్యార్థికి రికార్డింగు, హాజరులో సడలింపు హక్కుగా దక్కాలి. ప్రశ్నపత్రం స్క్రీన్ రీడర్ చదవగలిగే ఫైలుగా ఉండాలి. స్క్రైబ్‌ను వెతికే టెన్షన్ విద్యార్థి నెత్తిన పెట్టకుండా యూనివర్సిటీయే జాబితా సిద్ధం చేసి పెట్టుకోవాలి. మళ్లీ ఏ మహమ్మారో, వరదో వచ్చి తలుపులు మూతపడితే అప్పుడేం చేయాలో కూడా దివ్యాంగ విద్యార్థులను కూర్చోబెట్టుకుని ఇప్పుడే రాయాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఎవరో వచ్చి ఫిర్యాదు చేసేదాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ తనంతట తానే విచారణ మొదలుపెట్టొచ్చని సెక్షన్ 80 చెబుతోంది. ఈ సెమిస్టర్ హాజరు జాబితాలు తెప్పించుకుని, అనారోగ్యం వల్ల పరీక్షకు దూరం పెట్టిన దివ్యాంగ విద్యార్థులెంతమందో అడగడంతో ఆ పని మొదలుపెట్టాలి.