ఫీజు కట్టారు సరే, ఆ తర్వాత?

ప్రజారోగ్యంలో పీజీ చేసేవాళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తామంటూ ఏటా అడ్మిషన్ల రోజుల్లో ప్రకటనలు వస్తుంటాయి. ఇచ్చేవాళ్లలో ట్రస్టులుంటాయి, కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్ఆర్ డబ్బుంటుంది, అమెరికాలో స్థిరపడి అమ్మానాన్నల పేరు మీద ఏదో ఒకటి చేద్దామనుకునే మనవాళ్లుంటారు. వాళ్ల మనసును మేం శంకించడం లేదు. కానీ ఒక్కసారి ఆ ఫారం ప్రింటు తీసి, నర్సింగ్ డిగ్రీ చేసి, తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న మా గడ్చిరోలి జిల్లాలో సిరొంచ దగ్గరో అహేరి దగ్గరో సబ్ సెంటర్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న తెలుగింటి అమ్మాయి ముందు పెట్టి చూడండి. రెండో పేజీ దాటదు.

ఎందుకు దాటదో చెప్తాం. ఇద్దరు ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు కావాలంటారు. ఆమె కాలేజీ వదిలి ఐదేళ్లయింది, ఆ మేడమ్‌లు ఇప్పుడెక్కడున్నారో ఆమెకే తెలీదు. నాయకత్వ లక్షణాల మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాయమంటారు. వానాకాలంలో వాగు దాటి టీకాల డబ్బా మోసుకెళ్లడాన్ని నాయకత్వం అంటారని ఆమెకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. విదేశీ కోర్సైతే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష ఒకటి, దాని ఫీజే 15 వేల పైమాట, పరీక్ష రాయడానికి నాగ్‌పూర్‌కో హైదరాబాద్‌కో పోవాలి, ముందు రోజే బయల్దేరాలి, అక్కడ ఉండాలి, సెలవు పెట్టినందుకు జీతం కోత సరేసరి.

పోనీ సర్కారు స్కాలర్‌షిప్ చూద్దామంటే అదో పెద్ద కథ. తెలంగాణ ప్రభుత్వం విదేశీ చదువుకిచ్చే సాయం తెలంగాణవాళ్లకే. అందులో తప్పేం లేదు. మహారాష్ట్రలో రిజర్వేషన్ కింద తీసుకుందామంటే కులం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, అది సరైనదేనని పరిశీలించి ఇచ్చే వ్యాలిడిటీ సర్టిఫికెట్ కూడా కావాలి. ఎస్సీ అయితే 1950 ఆగస్టు 10కి ముందు నుంచీ, ఓబీసీ అయితే 1967 అక్టోబర్ 13కి ముందు నుంచీ ఇంటి పెద్దలు ఈ రాష్ట్రంలోనే ఉన్నట్టు కాగితం చూపాలి. బొగ్గు గనులకూ పేపర్ మిల్లుకూ బతకడానికి కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో బల్లార్షా వచ్చిన కుటుంబాల్లో ఎంతమంది ఇళ్లలో ఉంటుంది ఆ కాగితం? సరిహద్దు నది అవతలి తెలంగాణవాళ్లకు వీళ్లు మహారాష్ట్రవాళ్లు, ఇవతలివాళ్లకు తెలుగోళ్లు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఆ కాగితాలు అడగకుండా చదివించగలిగేది ఒక్క ప్రైవేటు దాత. తమాషా ఏంటంటే, ఏ చట్టమూ చెప్పకపోయినా కొందరు దాతలు కూడా అదే సర్కారు చెక్‌లిస్టు తెచ్చి తమ ఫారం కింద అతికిస్తున్నారు.

ఊళ్లో ఇంకో చిక్కుంది. ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ, చదువుతానంటే, డాక్టర్ చదువా అని అడుగుతారు. కాదంటే, సూదేస్తావా అంటారు. అదీ కాదంటే, మరి రెండేళ్లు ఎందుకే అంటారు. ఒక గూడెంలో పదిమందికి చలిజ్వరం వస్తే పదిమందికీ మందివ్వడం డాక్టర్ పని. ఆ పదిమందికే ఎందుకొచ్చింది, పక్క గూడేనికి ఎందుకు రాలేదు, దోమతెరలు ఇచ్చారా, ఇస్తే పొలం కాపలాకు పోయినప్పుడు వాటిని వెంట తీసుకెళ్తున్నారా లేదా అని తిరిగి తిరిగి తేల్చేది ఈ చదువు. మహారాష్ట్రలో మలేరియా బాగా ఎక్కువగా ఉండే జిల్లాల్లో మా గడ్చిరోలి ఒకటి కాబట్టి ఈ పని ఎంతుందో మేం వేరే చెప్పక్కర్లేదు. ఈ కోర్సుకు ఎంబీబీఎస్సే కానక్కర్లేదు, చాలాచోట్ల నర్సింగ్, డెంటల్, ఆయుర్వేదం, సోషల్ వర్క్ చేసినవాళ్లను కూడా తీసుకుంటారు.

దాతల డబ్బుతో ఈ చదువులకు పోవడం మనకు కొత్త కాదు. 1922లో భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి హార్వర్డ్‌కు బయల్దేరినప్పుడు అండగా నిలిచింది మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థా. ఆ నాయకర్ రంగూన్‌లో సంపాదించి, సొంతగడ్డ పిల్లల చదువుకు రాసిచ్చిపోయిన మనిషి. అంతా బాగానే ఉంది కానీ, బోస్టన్‌లో దిగాక సుబ్బారావు చేతిలో డబ్బు చాలలేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి చదువుకున్నాడు. ఆయన మళ్లీ ఇండియా రాలేదు. చదివాక తిరిగి రావాలని బాండు రాయించుకునే దాతలైతే ఆ ఖాతా మీద ఎర్ర సిరాతో గీత గీసేవాళ్లేమో. కానీ బోదకాలు రాకుండా గడ్చిరోలిలో, చంద్రపూర్‌లో ఇంటింటికీ వచ్చి మింగించే మాత్రల్లో ఒకటైన డీఈసీ, 1947లో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే వచ్చింది. మనిషి రాలేదు, మాత్ర వచ్చింది.

తిరిగొచ్చినవాళ్ల కథ ఈ జిల్లాలోనే ఉంది. అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, 1986లో గడ్చిరోలి వచ్చి సెర్చ్ సంస్థను మొదలుపెట్టారు. వాళ్లు చదివిన ఆ స్కూలే 1916లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో పుట్టింది. కలకత్తాలో 1932లో పెట్టిన ప్రజారోగ్య సంస్థ వెనుకా ఆ ఫౌండేషన్ సాయం ఉంది. సరే, పాత సంగతులు. ఇక్కడికొచ్చాక బంగ్ దంపతులు చేసింది చూడండి. రెండూళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని తేలింది. అది 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. తర్వాత 39 ఊళ్లలో మామూలు చదువున్న ఆడవాళ్లకు పసిబిడ్డను చూసుకోవడం నేర్పారు. బరువు తూచడం, ఒళ్లు చల్లబడకుండా చుట్టడం, ఊపిరి లెక్కపెట్టడం, అవసరమైతే సూది వేయడం. మూడో ఏడాదికల్లా ఆ ఊళ్లలో పురిటి బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి. అది కూడా లాన్సెట్‌లోనే, 1999లో వచ్చింది. 2011 నుంచి దేశమంతటా ఆశాలు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూసొస్తున్నారే, ఆ పద్ధతి పుట్టింది ఇక్కడే. ఆస్పత్రి కాన్పయితే ఆరుసార్లు వెళ్లాలి, అన్నీ పూర్తిచేస్తే ఆశా చేతికొచ్చేది 250 రూపాయలు. ఆ రేటు గురించి ఇంకోరోజు మాట్లాడుకుందాం, ఎందుకంటే మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

ఈ రెండు కథల్లో మాకు కనబడేది ఒక్కటే. స్కాలర్‌షిప్ డబ్బుకు ఫలితం కాలేజీలో తేలదు, ఆ మనిషి ఎక్కడ నిలబడి పనిచేస్తే అక్కడ తేలుతుంది. అందుకని దాతలు ముందు అడగాల్సింది మార్కుల సంగతి కాదు, ఊరి సంగతి.

ఊరెందుకంటే, భాష కోసం. సిరొంచ తాలూకాలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవిలోకి పోతే మాడియా గోండుల మాడియా భాష. మరాఠీలో అచ్చేసిన సర్వే ఫారం పట్టుకుని గడ్చిరోలి నుంచో నాగ్‌పూర్ నుంచో వచ్చిన మనిషి గడప ముందు నిలబడి అడిగితే, ఆడమనిషి చెప్పాల్సింది మొగుడు చెప్తాడు, మొగుడు చెప్పింది పక్కింటి కుర్రాడు మరాఠీలోకి తిప్పుతాడు. "తెల్లబట్ట అయితుంది" అని ఆమె ఆ కుర్రాడి చేత చెప్పిస్తుందా? చెప్పదు. ఫారంలో ఆ గడి ఎదురుగా "లేదు" అని పడుతుంది. నాగ్‌పూర్‌లో ఆ లెక్కలన్నీ కూడితే సిరొంచ ఆడవాళ్లంతా నిక్షేపంగా ఉన్నట్టే. అదే మాటను గడప లోపల కూర్చుని, మొగుణ్ని బయటికి పంపి, గొంతు తగ్గించి అడగగలిగే అమ్మాయి ఈ తాలూకాలోనే ఉంది, మనం చదివించాల్సింది ఆమెనే.

సరిహద్దు రోగాల సంగతీ అంతే. గోదావరి మీద కాళేశ్వరం వంతెన వచ్చాక మనవాళ్లు దవాఖానకు మంచిర్యాలకో వరంగల్‌కో పోవడం తేలికైంది. గడ్చిరోలి జిల్లా ఆస్పత్రి దాదాపు 200 కిలోమీటర్లు, ఎవరు పోతారు? క్షయ ఉన్న మనిషి పేరు ఇక్కడ రాసుంటుంది, మందు అక్కడ తీసుకుంటాడు, మిరప ఏరడానికి ఇంకో జిల్లాకు పోతాడు, పోషణకిచ్చే నెలకు 1000 రూపాయలు ఏ ఖాతాలో పడ్డాయో ఎవరికీ తెలీదు. నది రెండు వైపులా తిరిగి ఈ ముడి విప్పడం మంచి ఎంపీహెచ్ థీసిస్ అవుతుంది. ఢిల్లీలో కూర్చున్న గైడుకు ఈ టాపిక్ తట్టదు, పాపం ఆయన తప్పూ కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఫీజు, హాస్టల్ కట్టేస్తే అయిపోయిందనుకుంటారు దాతలు. ఆ అమ్మాయి నెలకింతని ఇంటికి పంపేది. తమ్ముడి చదువు, తండ్రి షుగర్ మందులు, గ్రూపు లోను కిస్తీ అన్నీ ఆ జీతం మీదే. రెండేళ్లు చదువుకు పోతే ఆ కిస్తీ ఎవరు కడతారు? ఫారంలో ఈ ప్రశ్న ఉండదు కాబట్టి ఆమె సీటు వచ్చి కూడా పోదు, దాత ఫైల్లోనేమో "అభ్యర్థి ఆసక్తి చూపలేదు" అని రాసుకుంటారు. ఇంటికి నెలకు ఇంత అని కలిపివ్వండి. పదిమందికి ఫీజులు కట్టే బదులు ఆరుగురికి ఇంటి ఖర్చుతో సహా ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు, లెక్క తగ్గిందని ఎవరైనా అడిగితే ఈ సంపాదకీయం చూపించండి.

చదువయ్యాక ఏం చేయాలన్నది అన్నిటికంటే పెద్ద టెన్షన్. బాండు రాయించుకుంటున్నారు, జిల్లాకు తిరిగి రావాలని. ఎక్కడికి రావాలి? ఉద్యోగముంటే కదా రావడానికి. ఉన్న కొద్ది పోస్టులూ జాతీయ ఆరోగ్య మిషన్ కింద 11 నెలల కాంట్రాక్టువి. ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్, అంటే ఆ పనికే వేరే ఉద్యోగుల వర్గం, పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తమిళనాడులో ఈ కేడర్ ఎన్నో దశాబ్దాలుగా ఉంది. ఇక్కడ అది వచ్చేదాకా, చదువు తర్వాత రెండేళ్ల జీతం కూడా దాతే పెట్టుకుని జిల్లా పరిషత్‌తోనో ఇక్కడ పనిచేస్తున్న సంస్థతోనో ముందే మాట్లాడుకుంటే ఆ బాండుకు ఒక అర్థముంటుంది. లేకపోతే ఆమె పుణెలో ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తుంది, అందుకు ఆమెను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇదంతా విదేశీ డబ్బుతోనే చేద్దామంటే కుదరదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఒక్క సంతకంతో ఆపేసింది, ఆ డబ్బు మీద నడిచే ఆరోగ్య పథకాలు ఎన్నో దేశాల్లో మధ్యలో నిలిచిపోయాయి. 2020 నుంచి మన చట్టం ప్రకారం ఒక సంస్థ విదేశీ విరాళం తీసుకుని ఇంకో చిన్న సంస్థకు పంచడానికీ వీల్లేదు. కానీ మా జిల్లాలో డబ్బు లేదా? ఎటపల్లి తాలూకా సూర్జాగఢ్ కొండ నుంచి ఇనుప ఖనిజం లారీలకు లారీలు పోతోంది, ఆ దుమ్ము తినేది ఈ రోడ్ల పక్క ఊళ్లే. 2015లో గనుల చట్టం మార్చి పెట్టిన జిల్లా ఖనిజ నిధి ఉంది, దాని పెద్దపీట పనుల్లో ఆరోగ్యమూ ఉంది, చదువూ ఉంది. లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్‌కు పెట్టాల్సిన కంపెనీలూ ఉన్నాయి. బోర్డు తగిలించుకోవడానికి బస్‌షెల్టర్ అనువుగా ఉంటుందని మాకు తెలుసు, చదివిన అమ్మాయి మీద బోర్డు తగిలించలేం. అయినా అడుగుతున్నాం. ఏడాదికి ముగ్గురంటే ముగ్గురిని, ఇప్పటికే ఈ తాలూకాల్లో పనిచేస్తున్న నర్సుల్లోంచి, హెల్త్ వర్కర్లలోంచి తీసుకోండి. తెలుగు కానీ మాడియా కానీ వచ్చి ఉండాలన్నది మొదటి షరతుగా పెట్టండి. ఇంటర్వ్యూ నాగ్‌పూర్‌లో కాకుండా ఇక్కడే, మా ఆలాపల్లిలో పెట్టండి.

మా వంతుగా మేం చేయగలిగింది చేస్తాం. ఇలాంటి స్కాలర్‌షిప్ ఇచ్చే దాత ఎవరైనా తమ ఫారం పంపితే, దాన్ని తెలుగులోకి మార్చి ఇదే పేజీలో పైసా తీసుకోకుండా అచ్చేస్తాం. అప్లై చేసే పిల్లలకు ఇంగ్లిష్ వ్యాసం దిద్దిపెట్టడానికి మా డెస్కులో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. సాయంత్రం నాలుగు తర్వాత రండి, పొద్దున్నైతే వాళ్లు నిద్రలేవరు.