నలభై నెలలు జైల్లో ఉన్నాడని జాలిపడే వాళ్లందరికీ

నిన్న మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థంలో గొడవ పెట్టుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు, పొద్దున లేచినా కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

భోజనాల దగ్గర వరసకు మామ అయ్యే ఒకాయన నా పక్కనే కూర్చున్నాడు. ఓళిగలు వడ్డిస్తున్నారు. ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూసుకుంటూ నా వైపు తిప్పాడు. ఓబుళాపురం గనుల కేసులో జైలుకు పోయొచ్చిన కర్ణాటక మాజీ మంత్రి గాలి జనార్దన రెడ్డి ఊరేగింపు. పూలు, బాణసంచా, కార్ల వరస. "చూడు అల్లుడూ, పాపం ఆయప్ప జైల్లో ఎంత అనుభవించినాడో, అయినా ఎట్ల లేచి నిలబడినాడో చూడు, మగోడంటే అట్లుండాల" అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "దేనికి పాపం మామా, ఆయనకు ఏం తక్కువైంది" అన్నాను. గొంతు పెరిగింది. చుట్టూ వాళ్లు తినడం ఆపి చూశారు. మా అమ్మ వచ్చి "పెద్దోళ్ల ముందర ఏంది ఆ మాటలు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. పెళ్లివారి ముందు పరువు తీశానని ఇంకా నాతో మాట్లాడటం లేదు. గొంతు పెంచినందుకు ఆ మామకు క్షమాపణ చెప్తాను. అన్న మాటకు మాత్రం చెప్పను.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలం. ఓబుళాపురం అక్కడికి దగ్గరే. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే చెనక్కాయ చేను మీద ఎర్రటి దుమ్ము, ఆకు పచ్చగా కనిపించేది కాదు. ఆరేసిన బట్టలు ఎర్రగా, బిందెలో నీళ్ల మీద ఎర్రటి తెట్టు, రాత్రంతా టిప్పర్ల మోత. ఈ కేసు నాకు పేపర్లో చదివిన సంగతి కాదు, అమ్మమ్మ దగ్గులో విన్న సంగతి. టీవీలో చూసినవాళ్లు "ఆయప్ప, ఆయప్ప" అంటుంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

అసలు ఏం జరిగిందో ఈ తరం పిల్లలకు చాలామందికి తెలియదు, కాబట్టి చెప్తాను. గాలి జనార్దన రెడ్డికి చెందిన ఓబుళాపురం మైనింగ్ కంపెనీకి మన రాష్ట్రంలో ఇనుప ఖనిజం లీజులు ఇచ్చారు. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్ అని ఆయనదే ఉక్కు ఫ్యాక్టరీ వస్తుంది, ఈ ఖనిజం దానికి కావాలి అన్నది చెప్పిన మాట. అంటే క్యాప్టివ్ మైనింగ్. తవ్విన మట్టి సొంత ఫ్యాక్టరీకే వాడాలి, బయట అమ్ముకోకూడదు. 2007లో చివరికి బయటికొచ్చిన ఉత్తర్వులో ఆ 'క్యాప్టివ్' అన్న మాటే లేదు. ఒక్క మాట. మా ఊళ్లో రైతు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడితే ఆరు నెలలు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు, ఇక్కడ ఒక్క మాట ఎగిరిపోతే కొండలకు కొండలే లారీలెక్కి పోయాయి. లీజు హద్దు దాటి తవ్వారని, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు గుర్తులే చెరిపేశారని కూడా ఆరోపణ. ప్రభుత్వానికి సుమారు 884 కోట్ల రూపాయల నష్టం అని సీబీఐ లెక్క కట్టింది.

2009 డిసెంబరులో కేసు పెట్టారు. అప్పటికి ఆయన కర్ణాటకలో మంత్రి. 2011 సెప్టెంబరు 5న, అంటే మంత్రి పదవి పోయిన కొద్ది వారాలకే, బళ్లారిలో అరెస్టు చేసి హైదరాబాద్ తెచ్చి చంచల్‌గూడ జైల్లో పెట్టారు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. ఇదీ మా మామ చెప్పే కష్టం. నలభై నెలలు.

ఒక మాట నిజాయితీగా చెప్తాను. తీర్పు రాకముందే మనిషిని నలభై నెలలు జైల్లో ఉంచడం తప్పే. అది గాలి జనార్దన రెడ్డి అయినా తప్పే, మా వీధిలో సైకిల్ దొంగ అయినా తప్పే. కానీ ఆ వరస చూడండి. ముందు జైలు వచ్చింది. ఆ తర్వాత పదేళ్లు బయట తిరగడం వచ్చింది. అన్నీ అయిపోయాక 2025 మే 6న తీర్పు వచ్చింది. అంతా తలకిందులు. జైలు ముందే అయిపోవడంతో జనం దృష్టిలో శిక్ష కూడా అయిపోయింది. "అనుభవించినాడు కదా" అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఏం అనుభవించాడు? తప్పు చేశాడని అప్పటికి ఎవరూ తేల్చనే లేదు. తేల్చని దానికి శిక్ష పడినట్టు, పడిన దానికి జాలి చూపించినట్టు, ఆ జాలి ఓట్లయినట్టు. మాజీ మంత్రి ఎవరు అరెస్టయినా ఇదే వరస. జైలు గేటు దగ్గర జనం, బెయిల్ రోజు దండలు, తర్వాతి ఎన్నికల్లో నామినేషన్.

2012లో జరిగింది గుర్తుందా ఎవరికైనా? హైదరాబాద్‌లో కింది కోర్టు ఆయనకు బెయిల్ ఇచ్చింది. ఆ బెయిల్ కోసం కోట్ల రూపాయలు చేతులు మారాయన్న ఆరోపణ మీద ఆ జడ్జినే సస్పెండ్ చేశారు, తర్వాత ఏసీబీ అరెస్టు చేసింది. కోర్టు మెట్ల మీద నమ్మకం పెట్టుకున్న మనలాంటి వాళ్లకు ఆ రోజు ఎలా ఉండాలి? మా నాన్న ఆ పేపరు మడిచి పక్కన పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, అది నాకు గుర్తు.

మా అమ్మమ్మ ఊళ్లోనే ఒక పిల్లాడు, పేరు చెప్పను, ఏదో కొట్లాట కేసులో సబ్ జైలుకు పోయాడు. కోర్టు బెయిల్ ఇచ్చింది. జామీను పెట్టడానికి మనిషి లేడు. వాళ్ల నాన్నకు భూమి లేదు, ఉన్న బంధువులకు కోర్టంటే భయం. బెయిల్ కాగితం వచ్చాక కూడా లోపలే ఉన్నాడు. వాడి కోసం ఎవరన్నా "పాపం" అన్నారా? బయటికొస్తే పూలు చల్లారా? ఊళ్లోకి రాగానే పని మాన్పించారు. 2022 చివరికి మన దేశం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. తప్పు చేశారో లేదో ఇంకా తేలని వాళ్లు. జాలి పడాలంటే మీకు ఇంతమంది ఉన్నారు కదయ్యా. వెతికి వెతికి ఆయన మీదే ఎందుకు పడుతుంది?

నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది మాత్రం ఆ పెళ్లి. 2016 నవంబరు 8న నోట్లు రద్దు చేశారు. మా మేనత్తకు మందులు కొనాలి, చేతిలో ఉన్నవన్నీ పాత నోట్లు, షాపువాడు తీసుకోడు. నేను రెండు రోజులు ఏటీఎం లైన్లో నిలబడ్డాను. రోజుకు 2,000, తర్వాత 2,500, అదీ నా వంతు వచ్చేసరికి మిషన్లో ఉంటే. ముసలివాళ్లు ఎండలో కూలబడిపోతున్నారు. ఆ లైన్లో నిలబడే ఫోన్‌లో చూశాను, నవంబరు 16న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆయన కూతురి పెళ్లి. తెరిస్తే బొమ్మలు కదిలే ఎల్‌సీడీ శుభలేఖలు. హంపీ గుడుల సెట్టింగులు. ఖర్చు 500 కోట్లని పత్రికలు రాశాయి. ఎంతయిందో నాకు అనవసరం. అప్పటికి ఆయన బెయిల్ మీద ఉన్న మనిషి. నలభై నెలల కష్టం తర్వాత ఇరవై రెండు నెలలకే అంత పెళ్లి. మామా, ఇది నీకు కష్టంలా కనిపించిందా? నేనడిగింది అంతే. దానికి నన్ను చెయ్యి పట్టుకుని లాగేశారు.

ఇంకో సంగతి. మా మేనమామ. ఖనిజం జోరుగా పోతున్న రోజుల్లో అందరూ టిప్పర్లు కొంటుంటే ఆయనా రెండెకరాలు అమ్మి, మిగతాది ఫైనాన్స్‌లో పెట్టి ఒక టిప్పరు కొన్నాడు. ఒక్క సంవత్సరం బాగా తిరిగింది. 2009 నవంబరులో ఓబుళాపురం గనులు ఆపేశారు. బళ్లారి వైపు లోడ్లు దొరుకుతాయని అటు పోయాడు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో మైనింగ్ మొత్తం ఆపింది. ఆపడం న్యాయమే, నేను కాదనను, మా చేలు బతికింది ఆ తర్వాతే. కానీ మామ కంతులు ఆగలేదు. మూడు కంతులు తప్పగానే ఫైనాన్స్ వాళ్లు రాత్రిపూట వచ్చి బండి తోలుకుపోయారు. భూమి పోయింది, బండి పోయింది, ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ల వయసులో ఒక స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఆయన మీద ఏ కేసూ లేదు. ఏ జైలుకూ పోలేదు. ఆయనకు పడిన శిక్షకు అప్పీలు కూడా లేదు. నిన్న అదే పంక్తిలో, నాకు నాలుగు విస్తళ్ల అవతల కూర్చుని తల వంచుకుని తింటున్నాడు, ఆ మాటలన్నీ వింటూనే.

ఇక ఫ్యాక్టరీ సంగతి. దీని గురించి మాట్లాడటం మొదలుపెడితే నాకు ఆగదు. ఏ ఫ్యాక్టరీ పేరు చెప్పి ఆ ఖనిజం తీసుకున్నారో ఆ ఫ్యాక్టరీ ఎక్కడ? 2007లో బ్రహ్మణికి శంకుస్థాపన చేశారు. పది వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. జమ్మలమడుగు వైపు పిల్లలు ఐటీఐల్లో చేరారు, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందని. రాలేదు. రాష్ట్రం విడిపోయినప్పుడు 2014 చట్టంలో కడప ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా ఆరు నెలల్లో చూడాలని రాశారు. 2018 డిసెంబరులో చంద్రబాబు కంబాలదిన్నెలో రాయి వేశారు. సరిగ్గా ఏడాదికి 2019 డిసెంబరులో జగన్ సున్నపురాళ్లపల్లెలో ఇంకో రాయి వేశారు. 2023 ఫిబ్రవరిలో మళ్లీ భూమి పూజ. నాలుగు సార్లు కొబ్బరికాయ కొట్టారు. ఏ పార్టీ అయినా నాకు ఒకటే, ఎవరి మీదా నాకు ప్రేమ లేదు. "కడప ఉక్కు రాయలసీమ హక్కు" అని మా కాలేజీలో గోడల మీద రాసినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఆ నినాదాలు రాసిన నా స్నేహితుల్లో సగం మంది ఇప్పుడు బెంగళూరులో, హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డులు, డెలివరీ బాయ్‌లు. మా సీమ మట్టి ఓడలెక్కి పోయింది, మా సీమ పిల్లలు బస్సులెక్కి పోయారు. ఈ నష్టం ఆ 884 కోట్లలో ఉందా? ఏ చార్జిషీటులో రాశారు?

కేసు మాత్రం నడుస్తూనే ఉంది. 2022లో సుప్రీంకోర్టే విసిగిపోయి రోజూ విచారణ జరపండి, ఆరు నెలల్లో ముగించండి అని చెప్పింది. ముగిసేసరికి 2025 మే అయింది. కేసు పెట్టిన పదిహేనేళ్ల తర్వాత. ఈలోగా ఆయన సొంత పార్టీ పెట్టాడు, 2023లో గంగావతిలో గెలిచి ఎమ్మెల్యే అయ్యాడు, 2024లో పార్టీని బీజేపీలో కలిపేశాడు. సీబీఐ కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గనుల మంత్రిని, ఒక రిటైర్డ్ ఐఏఎస్ అధికారిని నిర్దోషులని వదిలేసింది. అది కోర్టు చెప్పింది, దాని జోలికి నేను పోను. నెల తిరగ్గానే తెలంగాణ హైకోర్టు శిక్ష అమలు ఆపి ఆయనకు బెయిల్ ఇచ్చింది. అప్పీలు వేసుకోవడం ఆయన హక్కు, చట్టం అందరికీ ఇచ్చింది. కానీ నాకు ఒక్కటే అర్థం కాదు. పదిహేనేళ్లు పట్టిన కేసు మీద అప్పీలు తేలడానికి ఎన్నేళ్లు పడుతుంది? అప్పటికి సాక్షులు ఉంటారా? ఆ దుమ్ము తిన్నవాళ్లలో మా అమ్మమ్మ అప్పుడే లేదు.

2009లో ఆయన తిరుమల స్వామికి కోట్ల విలువైన వజ్రాల కిరీటం ఇచ్చాడు. నిన్న ఆ మామ అదీ చెప్పాడు, భక్తుడయ్యా ఆయప్ప, అని. భక్తి ఆయన సొంత విషయం. కానీ మా ఊళ్లో ముసలివాళ్లు ఇంకో గుడి గురించి చెప్తారు, బళ్లారి సరిహద్దు కొండల్లో ఉండిన సుగ్గులమ్మ గుడి. మైనింగ్ రోజుల్లో, 2006లో, అది పేలుళ్లకు పోయింది. ఆ అమ్మవారికి మొక్కిన వాళ్లు తిరుమల వెళ్లి కిరీటం చూసి దండం పెట్టుకోవాలా? ఈ మాట నిన్న అనాలనుకున్నాను, అప్పటికే మా అమ్మ నన్ను బయటికి లాగేసింది. అందుకే ఇక్కడ అంటున్నాను.

కామెంట్లలో "నువ్వు ఏ పార్టీ" అని అడగొద్దు. "అందరూ దొంగలే" అని కూడా రాయొద్దు, ఆ మాట దొంగకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు. మీ ఊళ్లో ఎవరన్నా ఆ రోజుల్లో టిప్పరు కొని పోగొట్టుకున్నవాళ్లు ఉంటే, చేను దుమ్ముకు పోయినవాళ్లు ఉంటే, వాళ్ల సంగతి రాయండి. ఊరి పేరు రాయండి. అది ఎక్కడా రాసి లేదు.

ఇంతవరకు రాసి ఆపాను, మేనమామ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. "ఎందుకురా ఆ గొడవ, పిల్ల నిశ్చితార్థంలో" అన్నాడు. సరే మామా అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఆ కేసు ఇంకా ఉందా? బెయిల్ వచ్చినప్పుడే కొట్టేసినారనుకుంటి."

ఉంది మామా, ఇప్పుడు హైకోర్టులో ఉంది అన్నాను.

"ఓహో" అన్నాడు. బస్సుకు టైమయిందని ఫోన్ పెట్టేశాడు.