సారా పాలీ తీసింది తల్లి గుట్టు కాదు

2023లో ‘విమెన్ టాకింగ్’ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నాక కెనడా దర్శకురాలు సారా పాలీ పేరు మన సినిమా ప్రియులకూ బాగానే తెలిసింది. అయినా ఆమె 2012లో తన కుటుంబం మీద తీసిన డాక్యుమెంటరీ ‘స్టోరీస్ వి టెల్’ ప్రస్తావన వస్తే చాలు, కొందరిది ఒకటే మాట: చనిపోయిన తల్లి గుట్టును కూతురు రచ్చకెక్కించింది. ఈ మాట తప్పే కాదు, అన్యాయం కూడా.

కథ తెలిసిందే. సారా 1979లో టొరంటోలో పుట్టారు. తల్లి డయాన్ నటి, కాస్టింగ్ డైరెక్టర్. పెంచిన తండ్రి మైఖేల్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన నటుడు. తర్వాత ఇన్సూరెన్స్ ఉద్యోగంలో చేరారు. సారాకు పదకొండేళ్లు నిండిన వారంలోపే తల్లి క్యాన్సర్‌తో పోయారు. నాన్న పోలిక రాలేదని ఇంట్లోవాళ్లు ఆటపట్టించేవారు. చివరకు అదే నిజమైంది. 1978లో నాటకం కోసం మాంట్రియల్ వెళ్లిన డయాన్‌కు అక్కడి సినీ నిర్మాత హ్యారీ గుల్కిన్‌తో సంబంధం ఏర్పడింది. సారా ఆయన బిడ్డేనని ఏళ్ల తర్వాత డీఎన్‌ఏ పరీక్ష తేల్చింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు ఘట్టం దానికి పదేళ్ల ముందే జరిగింది. మైఖేల్ కంటే ముందు డయాన్‌కు ఒక పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆ భర్తను వదిలి మైఖేల్ దగ్గరికి వచ్చినందుకు 1967లో కోర్టు ఆ పిల్లలను ఆమెకు దక్కకుండా చేసింది. 1968 విడాకుల చట్టం రాకముందు ఒంటారియోలో విడాకులు కావాలంటే అవతలివారి వ్యభిచారాన్ని రుజువు చేయడమే దారి. అంటే ఆమె ఎవరితో వెళ్లిందన్నదే ఆ రోజు ప్రశ్న. ఎలాంటి తల్లి, పిల్లలకు ఆమె ఏమిటి, ఆ కాపురంలో ఆమెకు ఊపిరాడిందా అన్నవి లెక్కలోకి రాలేదు. ఆ తీర్పు పత్రికలకూ ఎక్కింది.

అందుకే ఈ సినిమాను నేను పునర్విచారణ అంటాను. ఇందులో ఒకరి వాంగ్మూలం మీద ఏదీ తేలదు. మైఖేల్, గుల్కిన్, తోబుట్టువులు, స్నేహితులు అందరూ మాట్లాడతారు, ఒకరి మాటను ఇంకొకరు కాదంటారు. తల్లికి దూరం చేసిన ఆ ఇద్దరు పిల్లలూ పెద్దవాళ్లై కెమెరా ముందు కూర్చుంటారు. 1967లో వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు 45 ఏళ్లకు చెల్లెలు అడిగింది! అనుభవించినవాళ్లకే కథ చెప్పే హక్కు ఉంటుందని, డయాన్ లేదు కనుక ఆ హక్కు తనదేనని గుల్కిన్ వాదిస్తారు. సారా ఆ వాదనను సినిమాలోనే ఉంచారు, ఒప్పుకోలేదు. ఇక సినిమాలో డయాన్ కాలానివిగా కనిపించే సూపర్ ఎయిట్ (ఇళ్లలో వాడే చిన్న ఫిల్మ్ కెమెరా) దృశ్యాల్లో చాలావరకు నటులతో మళ్లీ తీసినవని ఆలస్యంగా బయటపడుతుంది. దాన్ని మోసమన్నవారున్నారు. కళ్లతో చూశాం కాబట్టి నిజమేనన్న మన ధీమాను అంత సూటిగా నిలదీసిన డాక్యుమెంటరీలు నేను చూసినవాటిలో అరుదు.

చనిపోయిన మనిషి అనుమతి ఎవరిచ్చారన్న ప్రశ్న చిన్నదేమీ కాదు, నిజమే. అయితే సారా నోరు విప్పకపోయినా విషయం దాగేది కాదు. ఒక విలేఖరి అప్పటికే పసిగట్టి ఫోన్ చేస్తే, మైఖేల్‌కు ఇంకా తెలియదని, రాయొద్దని ఆమె ఏడ్చి బతిమాలుకున్నారు. సినిమా లేకపోతే డయాన్ మరోసారి వార్తలో నలిగేది, అంతే. నిజం తెలిశాక మైఖేల్ చేసిందేమిటి? తన వైపు కథంతా కూర్చుని రాశారు. సినిమాలో వ్యాఖ్యానం ఆయన రాసి, చదివిందే. ఒక వాక్యం మళ్లీ చదవమని కూతురు అడిగితే మారుమాటాడకుండా చదువుతారు. పెంచిన ప్రేమకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో సంగతి మనవాళ్లు పట్టించుకోరు. తీర్పు చెప్పని, హీరో లేని, ఏళ్లు పట్టిన ఈ సినిమాకు అండగా నిలిచింది కెనడా ప్రభుత్వ సంస్థ, 1939లో పుట్టిన నేషనల్ ఫిల్మ్ బోర్డ్. స్వతంత్ర సినిమా అంటే ప్రభుత్వం వాసన సోకనిదని మన దగ్గర ఒక భ్రమ ఉంది. లాభం లెక్కలకు అందని కథకు ఓపికగా డబ్బు పెట్టేది ప్రజాధనమే. ఆ డబ్బు దర్శకుడి చెయ్యి పట్టుకోకుండా చూసుకోవడమే అసలు పని. మనకు 1948 నుంచి డాక్యుమెంటరీలు తీసే ప్రభుత్వ విభాగం ఫిలిమ్స్ డివిజన్ ఉండేది. దాన్ని బాగుచేయాల్సింది పోయి జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.)లో కలిపేశారు. ఇవాళ ఏ తెలుగు అమ్మాయైనా తన ఇంటి కథను ఏళ్ల తరబడి తవ్వి తీయాలనుకుంటే ఏ తలుపు తట్టాలో కేంద్ర సమాచార ప్రసార శాఖ చెప్పాలి.