కాలితో అక్షరాభ్యాసం

మా మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం దగ్గర వాకింగ్ ముగించుకుని వస్తూ, రోడ్డు పక్కన ఎవరో తవ్వి సగమే పూడ్చిన గుంటలో కాలు పెట్టారు. పాదం లోపలికి మడతపడింది. కాసేపట్లో చీలమండకి బయటివైపు నిమ్మకాయంత వాపు తేలింది.

గుంటూరులో కాలు బెణికితే ముందు వైద్యం చేసేది వీధి. ఎదురింటావిడ పసుపు, సున్నం కలిపి పట్టు వేయమన్నారు. పక్కింటాయన పుత్తూరు కట్టు తప్ప దారి లేదని తేల్చేశారు. మా అత్తగారు ఇవేవీ వినకుండా, కల్లుప్పు మూటగట్టి, పెనం మీద వేడిచేసి కాపడం మొదలుపెట్టారు. సాయంత్రానికి నిమ్మకాయ కాస్తా బత్తాయి అయింది.

మర్నాడు అందరం కలిసి ఫిజియోథెరపీకి తీసుకెళ్లాం. అక్కడున్నది పాతికేళ్ల అమ్మాయి. చీలమండకి అటూ ఇటూ ఎముకలు నొక్కి చూసింది. నాలుగడుగులు వేయించింది. "ఎముక మీద నొప్పి లేదు, అడుగు పడుతోంది. ఎక్స్‌రే అక్కర్లేదు సార్, లిగమెంట్ సాగిందంతే" అంది. మామగారు నీరుగారిపోయారు. పలకరించడానికి వచ్చేవాళ్లకి లైటుకెత్తి చూపించేందుకు చేతిలో ఏమీ లేకుండా పోయింది మరి!

రెండు మూడు రోజులు కాపడం, మాలిష్ వద్దంది. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట చొప్పున పెట్టాలి, క్రేప్ బ్యాండేజీ కట్టాలి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి. 'కాపడం వద్దు' అన్నప్పుడు నేను అత్తగారి వైపు చూడలేదు. అల్లుడికి ఆ మాత్రం తెలివి ఉండాలి.

వాపు తగ్గాక వచ్చింది అసలు గొడవ.

"సార్, కాలి బొటనవేలే పెన్ననుకోండి. గాల్లో అక్షరాలు రాయండి. మడమ కదలకూడదు, పాదం మాత్రం అన్నివైపులా తిరగాలి."

"కాలితో అక్షరాలా!" మామగారు కుర్చీలోంచి లేవబోయి, కలుక్కుమని మళ్లీ కూలబడ్డారు. పొట్లం కట్టిన కాగితానికి కాలు తగిలినా కళ్లకద్దుకునే మనిషి. "సరస్వతమ్మా అది!"

"పోనీ ఏబీసీడీలు రాయండి సార్."

ఆయన అభ్యంతరం సగానికి సగం తగ్గిపోయింది. ఈలోపు ఇంగ్లీషు మీడియం మనవరాలు అందుకుంది: "తాతయ్యా, అదీ సరస్వతే!" అంకెలు వేయమంటే, లెక్కలు లక్ష్మీదేవి అని అత్తగారు అడ్డుపడ్డారు.

ఆ అమ్మాయి తల పట్టుకుని, "సున్నాలు చుట్టండి సార్, చాలు" అంది.

మామగారికి ప్రాణం లేచొచ్చింది. పరీక్ష పేపర్ల మీద సర్వీసంతా చేసింది అదే కదా. కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, పాత కసితో చుట్టేశారు.

తర్వాతి పాఠం ఒంటికాలి మీద నిలబడటం. లిగమెంట్ సాగితే కాలికి బ్యాలెన్స్ కూడా తప్పుతుందట, అది మళ్లీ నేర్పకపోతే అదే కాలు ఇంకోసారి బెణుకుతుందట. ముందు గోడ పట్టుకుని, అలవాటయ్యాక వదిలేసి చేయాలి. ఇంట్లో గచ్చు నున్నగా ఉంటుందని మామగారు వరండాలో గ్రిల్ పట్టుకుని, కళ్లు మూసుకుని మరీ నిలబడ్డారు.

గేటు ముందు ఆటో ఆగింది. ఆయన శిష్యుడే. డ్రైవరు సీట్లోంచి కిందికి దిగి, చేతులు జోడించి, ఎంతో వినయంగా అడిగాడు:

"ఏంటి మాస్టారూ, పద్యం అప్పజెప్పలేదా?"