గవర్నర్ గారూ, బిళ్ల నడుస్తలేదు

రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కావడమంటే మాటలు కాదు. వై.వి.రెడ్డి గారినే చూడండి. ఐఏఎస్, ప్రపంచ బ్యాంకు, రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నర్, ఐఎంఎఫ్‌లో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్... ఇన్ని మెట్లెక్కాక 2003లో ఆ కుర్చీ. అమెరికాలో ఇళ్ల అప్పులు పేలకముందే ఇక్కడ రియల్ ఎస్టేట్ అప్పులకు కళ్లెం వేసిన పెద్దమనిషి. 2008లో ఆయన దిగితే ఎక్కిందీ మనవారే, దువ్వూరి సుబ్బారావు గారు. 1972 సివిల్స్‌లో దేశానికే ఫస్టు. కూర్చున్న పది రోజులకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. అదీ తట్టుకున్నారు. అంటే 2013 దాకా పదేళ్లు దేశం ఇనప్పెట్టె తాళాలు ఇద్దరు తెలుగువాళ్ల మొలతాడుకే వేలాడాయి.

అయినా హనుమకొండ చౌరస్తాలో పది రూపాయల బిళ్ల నడవదు.

కిరాణా కొట్టులో పెరుగు ప్యాకెట్ తీసుకుని బిళ్ల పెట్టాను. సేటు దాన్ని చేత్తో ముట్టలేదు. పెన్ను వెనకవైపుతో నావైపు నెట్టాడు. వెంటనే ద్రవ్య విధాన కమిటీ సమావేశమైంది. ముంబైలో వడ్డీ రేట్లు తేల్చే ఆ కమిటీకి ఆరుగురు సభ్యులు, మూడు రోజుల చర్చ, పద్నాలుగో రోజున మినిట్స్. ఇక్కడా ఆరుగురే: సేటు, ఆయన భార్య, పాన్ డబ్బా ఆయన, ఆటో అన్న, రీచార్జికి వచ్చిన కుర్రాడు, చాక్లెట్‌కు వచ్చిన పిల్లాడు.

"పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే డూప్లికేట్" అన్నాడు ఆటో అన్న. పిల్లాడు వేలు పెట్టి లెక్కపెట్టి, "పన్నెండు" అన్నాడు. సభ గంభీరమైంది.

14 రకాల పది రూపాయల బిళ్లలున్నాయి, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పిందని మనవి చేశాను.

"రిజర్వ్ బ్యాంకోళ్లు మా దగ్గర పెరుగు కొంటరా సార్?" అన్నాడు సేటు.

"అసలుదైతేంది, డూప్లికేటైతేంది? మన దగ్గర మళ్ల తీస్కునేటోడెవడు?" అని ఆయన భార్య తీర్పు చెప్పింది. డబ్బు విలువ గురించి ఇంత సూటిగా ఏ గవర్నరూ చెప్పగా నేను వినలేదు. తీర్మానం అయిదు-ఒకటితో నెగ్గింది. అసమ్మతి పిల్లాడిది: బిళ్ల తనకిచ్చెయ్యమన్నాడు.

"స్కానర్ కొట్టుండ్రి సార్" అన్నాడు సేటు. కొట్టాను.

బిళ్ల మీద గవర్నర్ సంతకం ఉండదు. అచ్చేసేది కేంద్రం, పంచేది రిజర్వ్ బ్యాంకు, రద్దు చేసేది మా సేటు. ఈ ముగ్గురిలో రెగ్యులేటర్ ఎవరో మీకు వేరే చెప్పాలా?

నాకేం, ఫోన్ ఉంది. భద్రకాళి గుడి దగ్గర పూలమ్మే అవ్వ సంగతేమిటి? ఎక్కడా చెల్లని బిళ్లలన్నీ భక్తులు తెచ్చి అమ్మవారి హుండీలో సగం, అవ్వ బుట్టలో సగం వేస్తారు. అవ్వ వద్దంటే పూలు అమ్ముడుపోవు. తీసుకుంటే బియ్యం రావు. ఆ బిళ్లలన్నీ పాలిథిన్ కవర్లో మూటగట్టుకుని బ్యాంకుకు పోతే, కౌంటర్లో ఆయన తలెత్తకుండానే "లెక్కపెట్టే టైం లేదమ్మా" అన్నాడట. టైం లేదా? నాణేలు తీసుకోం అనే హక్కు ఏ బ్రాంచికీ లేదని రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు సర్క్యులర్ పంపలేదు? వందేసి చొప్పున సంచిలో కట్టి తెస్తే సులువని కూడా రాసింది కదా! ఎండలో కూర్చుని సంపాదించిన డబ్బు చేతిలో ఉండగానే ముసలామె పస్తుండాలా? వడ్డీ పావు శాతం కదిలితే టీవీల్లో గంటలకొద్దీ చర్చ. ఈమె రూపాయికి రూపాయీ పోతుంటే ఒక్కడికీ సిగ్గు లేదు.

కాబట్టి తర్వాతి గవర్నర్ ఎంపికకు ఒక చిన్న అర్హత చేర్చమని మనవి. ఐఏఎస్ సరే, ఐఎంఎఫ్ సరే. అభ్యర్థి జేబులో పది రూపాయల బిళ్లలు మాత్రమే వేసుకుని కాజీపేటలో షేర్ ఆటో ఎక్కి హనుమకొండలో దిగాలి. ఫోన్ ముందే తీసేసుకోవాలి.