ఒంటె పాక్స్ నుంచి మళ్ళీ మశూచి వస్తుందంట, ఆ ఫార్వర్డ్‌లో ఉన్నవి ఒక్కోటీ చూద్దాం

నాలుగు రోజుల్నుంచి మా బెంగళూరు మారతహళ్ళి తెలుగు గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. మూతి చుట్టూ పొక్కులు కట్టిన ఒంటె ఫోటో, కింద ఎర్రక్షరాల్లో: ఒంటెలకొచ్చే పాక్స్ వైరస్, మశూచి వైరస్ 99 శాతం ఒకటేనంట, ఒక్క మ్యుటేషన్ చాలంట, ఇది బయో వెపన్ అంట, ఒంటె పాలు తాగినా వస్తుందంట, పిల్లలకి వెంటనే చికెన్‌పాక్స్ టీకా వేయించాలంట, ఒంటెలవాళ్ళని ఏరియాలోకి రానివ్వకూడదంట.

ఆ చివరి మాట వల్లే ఇది రాస్తున్నా. మా లేఅవుట్ గ్రౌండ్ దగ్గరికి ఆదివారం ఒకతను ఒంటెని తెస్తాడు, పిల్లల్ని ఎక్కించి ఒక రౌండ్ తిప్పుతాడు, రాజస్థాన్ అతను. మొన్న ఆదివారం ఈ మెసేజ్ చూపించి అతన్ని గేటు దగ్గర్నుంచే పంపించేశారు. నేను దగ్గరికెళ్ళి చూశా, ఒంటె మూతి మీద గానీ పొట్ట కింద గానీ ఒక్క పొక్కు లేదు. నేను డాక్టర్ని కాదు, ఇక్కడ ఒక సీక్వెన్సింగ్ ల్యాబ్‌లో పనిచేస్తా, రోజంతా జన్యువుల ఫైళ్ళతోనే నా పని, అందుకే ఆ 99 శాతం అన్న ముక్క చూడగానే కోపమూ వచ్చింది బాధా వేసింది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది.

ముందు ఆ సగం నిజం చెప్తా. ఒంటె పాక్స్ వైరస్ జీనోమ్‌ని, అంటే దాని జన్యువులన్నీ కలిసిన మొత్తం డీఎన్‌ఏని, 2002లో చదివారు, రెండు వేర్వేరు బృందాలు, అదే వైరస్‌లో రెండు వేర్వేరు రకాలు (స్ట్రెయిన్లు). కజకిస్థాన్ స్ట్రెయిన్‌లో 2,05,719 అక్షరాలు (డీఎన్‌ఏ రాసి ఉండే ఏ, టీ, జీ, సీ) ఉన్నాయి. మనుషుల మశూచి వైరస్‌కి ఇది చాలా దగ్గరి చుట్టం అని అప్పుడే తేలింది, అది ఎవరూ కాదనట్లేదు. మరి 99 బహుశా ఎక్కడిదంటే, 2009లో మన దేశం వాయవ్య ప్రాంతంలో ఒంటెలకి పాక్స్ వచ్చినప్పుడు మన సైంటిస్టులు మూడు జన్యువుల్ని చదివి, ఇవి రెండూ ఉండే ఆర్థోపాక్స్ కుటుంబంలోని మిగతా వైరస్లతో పోల్చారు, పోలిక 95.2 నుంచి 99.8 శాతం దాకా వచ్చింది. చూడండి, మూడే మూడు జన్యువులు, అదీ వైరస్ పై పొరకి సంబంధించినవి, అదీ ఒక్క మశూచితో కాదు, కుటుంబంలో అందరితో. ఈ వైరస్‌లో జన్యువులు రెండొందల పైమాటే. మూడు చూసి మొత్తం ఒకటే అనడం, అన్నదమ్ముల ముక్కులు ఒకేలా ఉన్నాయి కాబట్టి ఇద్దరి బుద్ధీ ఒకటే అన్నట్టుంది. పోనీ మొత్తమ్మీద 99 శాతమే అనుకుందాం, రెండు లక్షల అక్షరాల్లో ఒక శాతం అంటే రెండు వేల తేడాలు! పైగా ఈ వైరస్లలో పోలిక అంతా జీనోమ్ మధ్య భాగంలోనే ఎక్కువ, తేడాలు రెండు చివర్లలో పోగుపడి ఉంటాయి. ఏ జంతువుకి అంటుకోవాలి, దాని ఇమ్యూనిటీని ఎలా బోల్తా కొట్టించాలి అనే జన్యువులు ఎక్కువగా ఉండేది ఆ చివర్లలోనే. అసలు సంగతి అక్కడుంటే శాతం చెప్పి భయపెడితే ఎలా?

ఇక ఒక్క మ్యుటేషన్ మాట. దీనికి నాకు బాగా నచ్చిన జవాబు 2020లో వచ్చింది. ఉత్తర యూరప్‌లో వైకింగుల కాలం నాటి ఎముకలు, పళ్ళలోంచి మశూచి వైరస్ జీనోమ్‌లని బయటికి తీశారు, అంటే దాదాపు 6వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం మధ్య చనిపోయినవాళ్ళవి. మన తాతల కాలపు మశూచిలో పాడైపోయి పనిచేయని జన్యువులు కొన్ని, ఆ పాత వైరస్‌లో ఇంకా బాగానే ఉన్నాయి. అంటే ఏమైందంటే మశూచి మనిషికే అతుక్కుపోయిన వైరస్‌గా మారడం ఒక్క రోజులో ఒక్క అక్షరం మారితే జరిగింది కాదు, వందల ఏళ్ళలో ఒక్కో జన్యువూ విరిగిపోతూ పోతూ అలా తయారైంది. ఒంటె వైరస్ దాని దారిలో అది ఒంటెకి అతుక్కుంది. ఇద్దరూ ఒకే ముత్తాత పిల్లలు గానీ ఒకరి కడుపున ఒకరు పుట్టలేదు. వీళ్ళకి బాగా దగ్గరి చుట్టం ఇంకొకటుంది, టాటెరాపాక్స్ అని, 1968లో ఆఫ్రికాలో ఇప్పటి బెనిన్‌లో ఒక ఎలుకజాతి జంతువులో దొరికింది. ఇంకో సంగతి, ఇవి డీఎన్‌ఏ వైరస్లు, ఫ్లూ లాగా కరోనా లాగా గబగబా మారిపోయే రకం కాదు.

ఒంటె పాక్స్ మనుషులకి అసలు రాదు అని నేను చెప్పను, అది కూడా అబద్ధమే అవుతుంది. ఇందాక చెప్పిన 2009 సంగతిలోనే ముగ్గురికి వచ్చినట్టు ల్యాబ్‌లో తేలింది, మన దేశంలో అలా తేలడం అదే మొదటిసారి. ముగ్గురూ ఒంటెల పని చేసేవాళ్ళు, రోజూ పుండ్లున్న ఒంటెల్ని చేతులతో పట్టుకునేవాళ్ళు. పొక్కులు వేళ్ళ మీద, చేతుల మీద వచ్చాయి, పుండై తర్వాత చెక్కు కట్టాయి. మశూచి అయితే ఒళ్ళంతా పోసేది, ఇంట్లో ఒకరికొస్తే పక్కింటికి పాకేది, మా అనంతపురం వైపు పెద్దమ్మవారు అంటేనే ఊరు ఊరంతా వణికేదని మా అవ్వ చెప్పేది. ఇక్కడ ఒంటెల నుంచి తీసిన శాంపిల్స్‌లోంచి వైరస్‌ని పెంచగలిగారు, మనుషుల శాంపిల్స్ నుంచి పెంచడమే కుదర్లేదు. తేడా అర్థమైంది కదా.

ఆ ఫోటో గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందిని భయపెట్టింది ఆ ఫోటోనే. మూతి చుట్టూ పొక్కులు కడితే అది పాక్సే అనుకోడానికి లేదు. ఒంటెలకి చర్మం మీద ఇలాంటివి తెచ్చే వైరస్లు కనీసం మూడు రకాలున్నాయి. ఒకటి ఈ పాక్స్. రెండోది పారాపాక్స్, ఇది మూతి, పెదాల మీద గట్టి చెక్కులు కట్టిస్తుంది, బయటికి అచ్చం పాక్స్ లాగే కనిపిస్తుంది. పేరు విని కవలలు అనుకోకండి, ఒంటె పాక్స్ జీనోమ్‌లో మూడింట రెండొంతులు ఏ, టీ అక్షరాలుంటే పారాపాక్స్ వైరస్లలో అది తిరగబడి మూడింట రెండొంతుల దగ్గర జీ, సీ ఉంటాయి. మూడోది పాపిల్లోమా, పులిపిర్లు తెచ్చేది, దాని జీనోమ్ మొత్తం ఎనిమిది వేల అక్షరాల దగ్గరే, పాక్స్ ముందు చీమంత. సుడాన్ ఒంటెల్లో దీనివి రెండు రకాలు దొరికాయి. ఏది ఏదో కంటితో చెప్పలేక ఎండిన చెక్కు ముక్క తీసి పీసీఆర్ (వైరస్ డీఎన్‌ఏలో ఒక ముక్కకి బోలెడు కాపీలు తీసి గుర్తుపట్టే టెస్ట్) చేస్తారు, ఒక పద్ధతిలో అయితే ఒంటె పాక్స్‌కి 881 అక్షరాల పొడవున్న ముక్క వస్తుంది, ఆ పొడవు చూసే అది పాక్స్ అని గుర్తుపడతారు. అంత పని ఉంటే, ఎవరో ఎప్పుడో ఎక్కడో తీసిన ఫోటో చూసి మన గేటు దగ్గరి ఒంటెకి జబ్బని తేల్చేశారు!

బయో వెపన్ అన్నది గాల్లోంచి పుట్టలేదు. ఇరాక్ తన ఆయుధాల ప్రోగ్రాంలో ఒంటె పాక్స్ మీద కూడా పని మొదలెట్టామని 1995లో ఐక్యరాజ్యసమితి తనిఖీవాళ్ళకి ఒప్పుకుంది. మశూచితో నేరుగా ఆడుకోకుండా దాని బదులు దీంతో ప్రాక్టీస్ చేశారేమో అని చాలామంది నిపుణులు అనుమానపడ్డారు. అనుమానం కూడా అందుకే, ఒంటె పాక్స్ మనుషుల్ని పెద్దగా ఏమీ చేయదు కాబట్టి. అంటే ఈ కథ ఫార్వర్డ్‌కి సపోర్ట్ కాదు, దానికి ఎదురు.

పాలు: ఒంటె పాలైనా గేదె పాలైనా కాచి తాగండి. పచ్చి ఒంటె పాలతో నిజంగా భయపడాల్సింది బ్రూసెల్లోసిస్, అది జ్వరాలతో నెలల తరబడి పీడిస్తుంది. టీకా: చికెన్‌పాక్స్ అసలు ఈ కుటుంబమే కాదు, అది హెర్పిస్ జాతి వైరస్. పేరులో పాక్స్ ఉందని ఆ టీకా దీనికి పనిచేయదు. పిల్లలకి చికెన్‌పాక్స్ టీకా మంచిదే, వేయించండి, కానీ ఒంటెకి భయపడి కాదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. పశుగణన లెక్కల్లో 2012లో మన దేశంలో ఒంటెలు 4 లక్షలుంటే 2019కి 2.5 లక్షలకి పడిపోయాయి. ఈ పాక్స్ వల్ల నిజంగా నష్టపోయేది ఒంటె పిల్లలు, వాటిని పెంచే రైకా, రబారీ కుటుంబాలు. పిల్ల ఒంటెల్లో జబ్బు ముదిరితే చాలావరకు చచ్చిపోతాయి. బికనీర్‌లో ఒంటెల కోసమే 1984లో కేంద్ర ప్రభుత్వం ఒక పరిశోధన సంస్థ పెట్టింది. ఇలాంటి చోట్ల జన్యువులు చదివేది ఏ జబ్బో త్వరగా కనిపెట్టి ఆ పిల్లల్ని కాపాడుకోడానికి, వాటిని చూసి మనం తలుపులేసుకోడానికి కాదు.

ఒంటె అతని నంబర్ మా సెక్యూరిటీ అన్న దగ్గర దొరికింది, ఫోన్ చేసి మాట్లాడా, ఈ ఆదివారం వస్తానన్నాడు. ఎవరికైనా ఇంకా డౌట్ ఉంటే హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో ఒకసారి చూపిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటా. మా పాపని తీసుకెళ్తున్నా. చేతికి గాయాలుంటే ఒంటెని ముట్టుకోకండి, దిగాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఐదింటికి గ్రౌండ్ దగ్గర ఉంటాం.