పసుపు మీద కాదు నా కోపం, పిన్ని మీద

పొద్దున్న అమ్మ టీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుంది. అయినా సగం చీర మీద ఒలికింది. ఆదివారం మాత్ర వేసుకున్నావా అంటే నోరు మెదపదు. తలగడ ఎత్తి చూస్తే, అమ్మ కీళ్లవాతానికి, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, వారానికొకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ మాత్ర మూడు వారాలది అట్టలోనే ఉంది. పక్కన పసుపు క్యాప్సూల్స్ డబ్బా. 1,200 రూపాయలు!

ఎవరిచ్చారో అడగాలా? పాలకొండ పెళ్లిలో పిన్ని అమ్మ చెవిలో గంటసేపు గుసగుసలాడినప్పుడే అనుకున్నాను. ఫోన్ చేస్తే, "ఏటే, ఆ ఇంగిలీషు మందులు మింగీసి అక్క కిడ్నీలు పోగొట్టుకోవాలేటి? ఉద్దానం చూడ్లేదేటి?" అంది. మా జిల్లాలో వాదనకి మాట దొరక్కపోతే ఉద్దానం! అక్కడ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో సైంటిస్టులకే పూర్తిగా తేలలేదు, మా పిన్నికి తేలిపోయింది. మాత్ర వేసుకున్నన్నాళ్లూ డాక్టరు రక్తపరీక్షలు చేయిస్తూనే ఉంటాడు. ఆ డబ్బాకి ఎవరు చేయిస్తారు, పిన్నీ?

పసుపులో గుణం లేదని నేనన్నానా? వాపుని రేపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్‌ని పసుపులో ఉండే కర్‌క్యుమిన్ అనే పదార్థం అణిచేస్తుందని ల్యాబుల్లో చూశారు. రుమటాయిడ్ ఉన్నవాళ్ల మీద చిన్న చిన్న ట్రయల్స్‌లో నొప్పి, వాపు కొంత తగ్గాయి కూడా. అంతమాత్రాన మాత్ర మానేస్తారా? ఇదేమీ కీళ్ల అరుగుదల కాదు, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల పొర మీద పడి తినేస్తోంది. పసుపులో కర్‌క్యుమిన్ నూటికి దాదాపు 3 పాళ్లు. అందులోనూ రక్తంలోకి చేరేది బహు తక్కువ, మిరియాలు తోడైతే కాస్త ఎక్కువ. ఆ రెండూ చారులో మా నాయనమ్మ వేసేది, ఎవరి దగ్గరా 1,200 తీసుకోకుండానే.

అసలు నా మంట వేరే. ఆరేళ్ల క్రితం అమ్మ పొద్దున్నే లేచి గంటన్నర దాకా వేళ్లు ముడవలేకపోయేది. జాకెట్ హుక్కులు నేనే పెట్టేదాన్ని. సంక్రాంతికి అరిసెల బాణలి ముందు ఇదే పిన్ని, "పని తప్పించుకోడానికి అక్క యేసాలు" అంది, అందరూ వినేలా. కొందరు నవ్వారు కూడా. ఆ మాటకి సిగ్గుపడి అమ్మ రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి కుడి చేతి వేళ్లు పక్కకి ఒరిగిపోయాయి. అవి ఇంక తిన్నగా రావు, మాత్రతోనూ, పసుపుతోనూ. అప్పుడు నొప్పే లేదన్న మనిషి ఇప్పుడు నొప్పికి మందిస్తోంది!

రేపు మళ్లీ విశాఖ బస్సు, మళ్లీ రక్తపరీక్షలు. డబ్బా కూడా పట్టుకెళ్తున్నాను, డాక్టరు చూడాలి కదా.

ఇది రాస్తుంటే పిన్ని వాట్సాప్: "రెండో డబ్బాకి వంద తగ్గిస్తారంట, చెప్పమంటావా?"